మంచం మీద ఎవరు

మేస్త్రికి పెళ్ళాం లేదని ఎవరైనా అని ఉంటే వీధంతా నవ్వేది. ఇప్పుడు ఆ మాట పైదేశం సర్కారే అడుగుతోంది. పెళ్ళయినట్టు కాగితం ఉంది, సరే. కాపురం చేసినట్టు నమ్మకం ఏమిటి? అది తేలితేనే భార్య దగ్గరకు వెళ్ళడానికి వీసా. తేలకపోతే అతను ఇక్కడ, ఆవిడ అక్కడ, మధ్యలో సముద్రం.

అతను బేకరీలో రొట్టెల బట్టీ దగ్గర పెద్ద పనివాడు. అందుకే అందరూ మేస్త్రి అంటారు. అతనిది రాత్రి పని. పొద్దుగూకాక పిండి కలపడం మొదలుపెడితే, తెల్లారి రొట్టెలు బండెక్కేదాకా నిలబడే ఉండాలి. ఆవిడది పగటి పని, హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఇద్దరికీ మేడ మీద ఒకటే గది, దానికి ఒకటే తాళంచెవి. పొద్దున అతను మెట్లెక్కుతుంటే ఆవిడ దిగేది. సాయంత్రం ఆవిడ ఎక్కుతుంటే అతను దిగేవాడు. తాళంచెవి మెట్ల మీద చేతులు మారేది. కాపురంలో మాటలన్నీ ఆ మెట్ల మీదే.

"నీళ్ళు పట్టి పెట్టాను."

"ఊఁ."

"కూర మీద మూత ఉంది. పిల్లి తిరుగుతోంది, చూసుకోండి."

"ఊఁ."

పక్క గదిలో అతని అక్క ఉంటుంది. పొద్దస్తమానం మిషను తొక్కి జాకెట్లు కుడుతుంది. ఇంకో తాళంచెవి చేయించుకోరాదట్రా అని ఒకసారి అడిగింది. "అప్పుడిక ఎక్కడ కలుస్తామే?" అన్నాడు తమ్ముడు. అక్క నవ్వలేక సూది నోట్లో పెట్టుకుంది.

నెలలో ఎప్పుడో ఇద్దరికీ సెలవు కలిసేది. ఆ రాత్రి ఇద్దరూ కింద చాప మీదే. గదిలో మంచం ఒక్కటే, అది ఒక్క మనిషికి సరిపడేది. ఆ ఒక్క రాత్రైనా నా కోసం మంచం దిగి వచ్చింది కదా, అని అతను లోలోపల పొంగిపోయేవాడు. పైకి అనేవాడు కాదు. అతను మాట్లాడేదే తక్కువ. పిండైనా బల్ల మీద కొడితే చప్పుడు చేస్తుంది, మేస్త్రి అడిగినా పలకడు, అనేవాళ్ళు బేకరీలో.

తర్వాత ఆవిడకు పైదేశంలో ఓ పెద్ద ఆస్పత్రి లాండ్రీలో పని కుదిరింది, వెళ్ళింది. అప్పుడొక వింత జరిగింది. అక్కడి పొద్దు వేరు, ఇక్కడి పొద్దు వేరు కావడంతో ఇద్దరి తీరికా ఒక్కచోట పడింది. ఒకే గదిలో ఉన్నంతకాలం కలవని వేళలు, సముద్రం అడ్డం వచ్చాక కలిశాయి. రోజూ ఫోను చేసుకునేవాళ్ళు. మెట్ల మీద అరనిమిషంలో సరిపెట్టుకున్నవాళ్ళకు అంతసేపు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. "నీళ్ళు వస్తున్నాయా?" అని ఆవిడ అంత దూరం నుంచి అడిగేది. "వస్తున్నాయి," అని ఇతను చెప్పేవాడు. అయినా ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టేసేవాళ్ళు కాదు.

అలా కొన్నాళ్ళయ్యాక, "మీరూ వచ్చెయ్యండి," అంది ఆవిడ. "ఇక్కడ రొట్టె తినేవాళ్ళే అంతా."

దానికి వీసా కావాలి. వీసాకు కాగితాలు కావాలి. కాగితాలకు బజారులో ఒకాయన ఉన్నాడు. జిరాక్సు మిషను వెనక కూర్చుని పైదేశాల అర్జీలు నింపుతాడు. అందరూ కాగితాలాయన అంటారు. మేస్త్రి అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు?" అన్నాడు కాగితాలాయన.

"పెళ్ళిది ఉందండి."

"తర్వాతవి?"

"తర్వాత కలవలేదండి."

కాగితాలాయన కళ్ళజోడు తీశాడు. "విడిపోయారా?"

"లేదండి. ఒకే గది."

ఆయనకు అర్థం కాలేదు. అక్క కలగజేసుకుని రాత్రి పని, పగటి పని, మెట్లు, తాళంచెవి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అంతా విని ఆయన, "అయితే మొత్తం ఇంటర్వ్యూ మీదే ఉంది మేస్త్రీ," అన్నాడు. "ఆవిడను అక్కడ అడుగుతారు, మిమ్మల్ని ఇక్కడ అడుగుతారు. జవాబులు కలవాలి. కలవకపోతే దొంగ పెళ్ళి అంటారు. ఏం అడుగుతారో నేను చెబుతాను, అక్కగారు మిమ్మల్ని అడుగుతారు. సాధన చెయ్యండి."

ఆయన కళ్ళజోడు అరువు తీసుకుని అక్క ఆఫీసరు అయింది.

"నీ భార్యకు ఇష్టమైన కూర ఏది?"

"మిగిలింది."

"ఒరేయ్, సరిగ్గా చెప్పు."

"అదేనే అక్కా. మిగిలింది పారబొయ్యదు, ముందు అదే తింటుంది."

"కోపం వస్తే ఏం చేస్తుంది?"

"తాళంచెవి చేతికివ్వదు. మెట్టు మీద పెట్టి దిగిపోతుంది."

"ఇది బాగుంది," అన్నాడు కాగితాలాయన. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "ఇంకా పడక సంగతీ అదీ కూడా అడుగుతుంటారు గానీ..." అని అక్క వంక చూసి ఆగిపోయాడు.

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఎక్కడ పడుకుంటాడో కూడా చెప్పలేడా?" అంది అక్క. "అది వదిలెయ్యండి. పైది అడగండి."

అదొక్కటీ వదిలేశారు.

ఇంటర్వ్యూ రోజున మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పొడుగాటి గదిలో అద్దాల కిటికీలు. కిటికీ వెనక ఒక ఆఫీసరమ్మ, ఆమె ముందు కంప్యూటరు. కూర అడిగింది, కోపం అడిగింది, మెట్లు అడిగింది. మేస్త్రి గడగడా చెప్పాడు. ఆమె కంప్యూటరు చూసి తలూపుతోంది. గట్టెక్కాం అనుకున్నాడు.

"గదిలో మంచాలు ఎన్ని?"

"ఒకటేనండి."

"దాని మీద ఎవరు పడుకునేవారు?"

"ఆవిడండి."

"మీరో?"

"కింద. చాప మీద."

ఆఫీసరమ్మ ఊపుతున్న తల ఆపింది. "ఎందుకు? గొడవలా?"

"కాదండి, పిండి."

"పిండి ఏమిటి?"

"ఎంత కడుక్కున్నా తలలో, చెవుల్లో పిండి ఉండిపోతుందండి. దుప్పటికి అంటుతుంది. పగలంతా ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికొచ్చే మనిషి. ఇంటికొచ్చి నాది కూడా ఉతకాలా అని."

ఆమె కంప్యూటరును ఇంకోసారి చదివింది. "మీ భార్య ఏం చెప్పారో తెలుసా? మంచం మీద మీరు పడుకునేవారట. తను చాప మీదట."

మేస్త్రి కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు. "కాదండి," అన్నాడు.

"అయితే ఆవిడ అబద్ధం చెప్పారా?"

"ఆవిడ అబద్ధం చెప్పదండి."

"మరి మీరు?"

"నేనూ చెప్పనండి."

"ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారా లేదా?"

"ఒకే గదేనండి," అన్నాడు మేస్త్రి. "ఒకే వేళ కాదు."

ఆమె నుదురు రుద్దుకుంది. ఇద్దరూ విడివిడిగా సంజాయిషీ రాసివ్వాలని, అది చూశాకే ఏదైనా అని చెప్పి పంపేసింది.

బయటకొచ్చి మేస్త్రి రోడ్డు దాటడం మర్చిపోయి ఈ పక్కనే చాలాసేపు నిలబడ్డాడు. మంచం మీద నేనా? నిద్రలో లేచి ఎక్కానా? రోజూ పొద్దున గదిలోకి అడుగుపెట్టేసరికి మంచం మీద దుప్పటి ముడత లేకుండా, అంచులు పరుపు కిందకు దోపి, హోటల్లో పరిచినట్టు ఉండేది. లేవగానే ఎంత పొందిగ్గా సర్దిపోతుందో అని మెచ్చుకునేవాడు. ఆ పొందిక చెడుతుందని దాని మీద చెయ్యి కూడా వేసేవాడు కాదు. ఆవిడ పైదేశం వెళ్ళాక కూడా అతను చాప మీదే. ఆవిడ పరిచి వెళ్ళిన దుప్పటి అలాగే ఉంది. మీద దుమ్ము దులుపుతాడు, అంతే.

సంగతి విని కాగితాలాయన తల పట్టుకున్నాడు. "మీరిద్దరూ ఇప్పుడు దీని గురించి ఫోన్లో మాట్లాడుకోకండి. మాట్లాడుకుని జవాబు కలిపారంటే అది ఇంకా పెద్ద తప్పు. ఆవిడకు నేనే చెబుతాను. సంజాయిషీలు వెళ్ళేదాకా నీళ్ళ సంగతి తప్ప ఏమీ వద్దు."

"నీళ్ళ సంగతే కదండీ మేం మాట్లాడుకునేది," అన్నాడు మేస్త్రి.

ఆ వారమంతా ఫోన్లో నీళ్ళే. "వస్తున్నాయా?" "వస్తున్నాయి." ఆవిడకు ఇంకేదో అడగాలని ఉన్నట్టుండేది. ఇతనికీ ఉంది. అడగడానికి లేదు.

బట్టీ ముందు నిలబడి అతను ఆలోచించాడు. రొట్టెలు ఒకటి రెండు తట్టలు మాడాయి కూడా. చివరకు ఒక దారి దొరికింది. మొగుడు కింద పడుకున్నాడంటే మొగుడికే నామోషీ అని ఆవిడ అలా చెప్పి ఉంటుంది. నా పరువు కోసం తనను తాను కింద పడుకోబెట్టుకుంది. ఇప్పుడు నేను కాదంటే పరాయి దేశంలో ఆవిడ అబద్ధాలకోరు అవుతుంది. ఉద్యోగం పోతుందేమో కూడా.

కాగితాలాయన దగ్గరకు వెళ్ళి, "నేనే మంచం మీద పడుకున్నానని రాసెయ్యండి," అన్నాడు. "అప్పుడు కంగారులో తప్పు చెప్పానని."

"నిజమేనా?"

"ఆవిడ చెప్పిందంటే నిజమే."

కాగితాలాయన రాశాడు. మేస్త్రి సంతకం పెట్టాడు. భారం దిగింది అనుకున్నాడు. ఆవిడ మాట నిలబెట్టాను, ఇంకేం కావాలి?

కొన్నాళ్ళకు మళ్ళీ పిలుపు వచ్చింది. స్వయంగా హాజరు కావాలని. కాగితాలాయన ఆ పిలుపు చదివి, "మీ సంజాయిషీ వాళ్ళకు అందింది, ఆవిడదీ అందింది, అయినా ఎందుకు పిలుస్తున్నారో నాకు పాలుపోవడం లేదు," అన్నాడు. ఆయనకే పాలుపోకపోతే ఇక మేస్త్రి సంగతి చెప్పేదేముంది.

హాజరుకు ముందు రోజు మధ్యాహ్నం అక్క గదిలోకి వచ్చింది. తమ్ముడు చాప మీద కూర్చుని గోడను చూస్తున్నాడు.

"ఒరేయ్, అసలు నిజం ఏమిట్రా? నాకైనా చెప్పు. మంచం మీద ఎవరు?"

"ఆవిడేనే."

"మరి ఆవిడ నువ్వంటుందేం?"

"నా పరువు కోసం."

"నీ పరువు మండినట్టే ఉంది. ఆ పిల్లకు అబద్ధం ఆడడం రాదురా. నా చీర బాగులేదని నా మొహం మీదే అంటుంది." అంటూ అక్క మంచం దగ్గరకు వెళ్ళి, దోపిన దుప్పటి అంచు బయటకు లాగింది.

"లాగకే! ఆవిడ పరిచింది!"

అక్క వినలేదు. దుప్పటి ఎత్తింది. కింద పరుపు నిగనిగ మెరిసింది. కొట్టువాడు చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. అక్క అరచేత్తో నొక్కింది. పరుపు లోపలికి పోయి, కొన్ననాటిలా మళ్ళీ పైకి లేచింది. ఎక్కడా గుంట లేదు. తర్వాత అక్క కిందకు చూసింది. చాప నడుమ మనిషి పొడుగున అరిగి, నేల కనిపిస్తోంది.

"తమ్ముడూ," అంది అక్క నెమ్మదిగా. "ఈ మంచం కొన్నాక దీని మీద మనిషన్నవాడు పడుకోలేదు."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. పరుపును చూశాడు. చాపను చూశాడు. చాపకు ఎప్పుడూ సబ్బు వాసన ఉండేది. ఉతుకుతుంది కాబోలు అనుకునేవాడు. చాప ఎవరైనా ఉతుకుతారా? అది ఆవిడ వాసన.

"అయితే ఆవిడ..." అన్నాడు. కూర్చోబోయాడు. మంచం మీద కూర్చోవాలో చాప మీద కూర్చోవాలో తెలియక నిలబడిపోయాడు.

మర్నాడు అక్క చాపను చుట్టి చంకలో పెట్టి పంపింది. అదే సాక్ష్యం, చూపించు అని. గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆపాడు.

"ఏమిటిది?"

"చాపండి."

"లోపల పడుకుంటావా?"

"చూపించడానికండి."

"మాకు చాపలు తెలుసు. ఇక్కడ పెట్టి వెళ్ళు."

అలా సాక్ష్యం గుమ్మంలోనే ఆగిపోయింది. మేస్త్రి ఒట్టి చేతులతో కిటికీ ముందు నిలబడ్డాడు. ఆఫీసరమ్మ అతన్ని చూడగానే నిట్టూర్చింది.

"మొదట ఏం చెప్పారు? మంచం మీద భార్య, చాప మీద మీరు. ఆవిడ ఏం చెప్పారు? మంచం మీద మీరు, చాప మీద తను. ఇప్పుడు మీరు మంచం మీద నేనే అని రాశారు."

"అవునండి. ఆవిడ మాట ప్రకారం."

"ఆవిడ ఏం రాశారో తెలుసా? తప్పు చెప్పానండీ, మా ఆయన చెప్పిందే నిజం, మంచం మీద పడుకున్నది నేనే, అని." ఆమె వేలితో బల్ల మీద కొట్టింది. "మొన్న ఇద్దరూ చాప మీద ఉన్నారు. ఇప్పుడు ఇద్దరూ మంచం ఎక్కారు. నన్నేం చెయ్యమంటారు?"

మేస్త్రికి సంగతి అప్పటికి బోధపడింది. ఆవిడ నా మాట నిలబెట్టింది. నేను ఆవిడ మాట నిలబెట్టాను. ఇద్దరి మాటా పోయింది.

"అమ్మా," అన్నాడు. "మంచం మీద ఎవరూ పడుకోలేదమ్మా."

"ఏమిటీ?"

"నిన్ననే తెలిసింది. పరుపుకు కాగితం కూడా విప్పలేదు. నేను ఆవిడ కోసం వదిలేశాను. ఆవిడా వదిలేసినట్టుంది."

"ఎందుకు?"

"తెలీదండి. అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"మాట్లాడుకోవద్దన్నారండి."

"ఇన్నేళ్ళ కాపురంలోనా?"

మేస్త్రి తల దించుకున్నాడు. ఎక్కడ పడుకుంటున్నావు అని కట్టుకున్న పెళ్ళాన్ని ఎవరు అడుగుతారు? అది అడిగే మాటే అని ఎప్పుడూ తట్టలేదు.

ఆఫీసరమ్మ కాసేపు అతని చెవి వంక చూసింది. చెవి మడతలో తెల్లగా పిండి ఉంది. తర్వాత బల్ల మీది ఫోను దగ్గరకు లాక్కుని, కంప్యూటరులో చూసి అంకెలు నొక్కింది. అవతల ఆవిడ గొంతు కిటికీ అద్దం దాకా వినిపించింది. ఆఫీసరమ్మ తను ఎవరో చెప్పి, "మీ భర్త ఇక్కడున్నారు, మిమ్మల్ని ఏదో అడగాలట," అని ఊరుకుంది.

"ఏమే," అన్నాడు మేస్త్రి, కిటికీ కంతలోకి వంగి. "నువ్వు మంచం మీద పడుకోలేదా?"

"ఎవరన్నారు?"

"పరుపు చెప్పింది. అక్క దుప్పటి ఎత్తింది."

"వదిన నా దుప్పటి లాగేసిందా! ఎంత కష్టపడి దోపానో!"

"ముందు అడిగినదానికి చెప్పు."

"మీరు రాత్రంతా నిలబడి వస్తారు. నేను దొర్లి నలిపేసిన పక్క మీద పడుకుంటారా అని, మీ కోసం పరిచి పెట్టేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి మళ్ళీ ముడత లేకుండా ఉండేది. నా దగ్గర నేర్చుకుని బాగా సర్దుతున్నారే అనుకునేదాన్ని."

"నేనెప్పుడు సర్దాను? ముట్టుకుంటే ఒట్టు."

"మరి వారం వారం నేను ఉతికిన దుప్పటి?"

"శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకు ఉతికావు?"

"శుభ్రంగా ఉందని నాకేం తెలుసు? మీరు పడుకున్నారని ఉతికాను!"

"ఆ ప్లాస్టిక్ కాగితం ఎందుకు తియ్యలేదు?"

"పరుపులోకి పిండి దిగకుండా మీరే ఉంచారనుకున్నాను. ఎంత తెలివో అని లాండ్రీలో కూడా చెప్పుకున్నాను."

"నీ నడుము నొప్పికే కదా మంచం కొన్నది!"

"నా నడుముకా? మీ కాళ్ళకు కొన్నాం!"

"నేనెప్పుడన్నాను కాళ్ళని?"

"మీరెప్పుడు ఏమన్నారు గనక!"

మేస్త్రి గొంతు పెరిగింది. జన్మలో అంత పొడుగు మాట్లాడలేదు. పక్క కిటికీల వాళ్ళు తొంగి చూస్తున్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నేల చల్లదనం నడుముకు పడదని డాక్టరు చెప్పలేదూ?" అని ఇతను. "ఆ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది మీ అక్క, మీరు కాదు," అని ఆవిడ. ఆఫీసరమ్మ ఫోను పెట్టెయ్యడానికి రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. ఆఖరికి మాట మధ్యలోనే మీట నొక్కి, "ఇక చాలు. వెళ్ళండి. కబురు వస్తుంది," అంది. ఆమె మొహం చూసి ఏమీ చెప్పలేం.

గుమ్మంలో చాప తీసుకుని మేస్త్రి ఇంటికొచ్చాడు. "ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అంది అక్క. "తెలీదు," అన్నాడు. "తిట్టిందా, నవ్విందా?" "తెలీదు." "నీకేం తెలుసురా మరి?" "ఆవిడ కూడా కిందే పడుకుంది," అన్నాడు మేస్త్రి.

వీసా వచ్చింది. కాగితాలాయన దాన్ని వెలుతురుకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇన్నాళ్ళ నా అనుభవంలో, జవాబులన్నీ కలిసినవాళ్ళకు రానివి చూశాను. రెండుసార్లూ కలవనివాళ్ళకు ఎలా ఇచ్చారు మేస్త్రీ? ఏది నమ్మారు?" మేస్త్రికీ అది అంతుపట్టలేదు. మొదట చెప్పిందా, తర్వాత రాసిందా, కిటికీ దగ్గర అరిచిందా? ఏది పనిచేసిందో తెలిస్తే ఇంకొకరికి చెప్పొచ్చు. తెలియలేదు.

ప్రయాణం ముందు మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. నీళ్ళ సంగతి అడగలేదు. "ఇక్కడ కూడా గదిలో మంచం ఒకటే," అంది. "కాస్త వెడల్పుది."

"ఎవరు పడుకోవాలి?"

"మీరు రండి ముందు. వచ్చాక పోట్లాడుకుందాం."

ఫోను పెట్టేసి మేస్త్రి మంచం వంక చూశాడు. అది అక్కకు ఇచ్చేస్తున్నాడు. పోయే ముందు ఒక్కసారైనా అనిపించింది. తలుపు దగ్గరకు వేసి, చెవులూ మెడా తుడుచుకుని, దొంగలా పైకెక్కి వెల్లకిలా పడుకున్నాడు. ప్లాస్టిక్ చిటపటమంది. మంచం కిర్రుమని ఒక్క మూలుగు మూలిగింది.

పక్క గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏమిట్రా అది?" అని గోడ అవతల నుంచి అక్క కేక. "ఇన్నేళ్ళలో ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదే!"

మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. కదిలితే మళ్ళీ మూలుగుతుంది. దిగాలా, ఉండాలా? ఏదీ తేలక, చేతులు రెండూ పక్కలకు ఆనించుకుని, ఇంటి పైకప్పును మొదటిసారి ఇంత దగ్గరగా చూస్తూ అలాగే ఉండిపోయాడు.